పది సెకన్ల పదును: ఉక్కు బలంలో కాలం పాలు

ఉక్కు కొనేవారు మొదట అడిగేది అందులో ఏమేం కలిశాయని. అమ్మేవారు చేతికిచ్చే పత్రంలో ఉండేదీ అదే: కార్బన్ ఇంత, మాంగనీస్ ఇంత, క్రోమియం ఇంత. ఆ ఉక్కును ఎంత వేగంగా వేడిచేశారు, ఆ వేడిలో ఎంతసేపు ఉంచారు అన్న సంగతి మాత్రం కార్ఖానా గోడలు దాటి బయటికి రాదు. నేను ఈ సాయంత్రం వాదించదలచుకున్నది ఆ సంగతి గురించే. ఉక్కు గుణాన్ని తేల్చడంలో కాలం కూడా ఒక మిశ్రమ మూలకంతో సమానంగా పనిచేస్తుంది. మనం చాలాకాలంగా దోషంగా చూస్తూ వచ్చిన ఒక లక్షణం, అంటే ఉక్కు లోపల కార్బన్ సమంగా పరుచుకోకపోవడం, తగిన కొలతలో ఉంటే బలాన్నీ సాగే గుణాన్నీ ఒకేసారి ఇస్తుంది. ఆ కొలతను సాధించే దారి అతి తక్కువ సమయంలో వేడిచేసి అంతే త్వరగా చల్లార్చడం. ఈ మాటకు ఆధారాలున్నాయి, అభ్యంతరాలూ ఉన్నాయి. రెండింటినీ మీ ముందు పెడతాను.

బలం పెరిగితే సాగడం తగ్గుతుందన్నది ఉక్కు పనిలో పాత అనుభవం. దానికి కారణం స్ఫటికాల అమరికలో ఉంది. మామూలు ఉష్ణోగ్రతలో ఇనుము ఫెర్రైట్ అనే రూపంలో ఉంటుంది. అందులో కార్బన్ ఇమిడేది అతి స్వల్పం, 727 డిగ్రీల వద్ద కూడా 0.02 శాతమే. వేడి పెరిగి ఆస్టెనైట్‌గా మారాక అదే ఇనుము 2 శాతం దాకా కార్బన్‌ను తనలో ఇముడ్చుకోగలదు. ఆస్టెనైట్‌ను నీళ్లలో ముంచి ఒక్కసారిగా చల్లారిస్తే కార్బన్ బయటికి వెళ్లే వ్యవధి లేక స్ఫటికంలోనే చిక్కుకుపోతుంది. అలా పుట్టేదే మార్టెన్‌సైట్: గట్టిది, పెళుసుది. కొంచెం నిదానంగా, మధ్యస్థ ఉష్ణోగ్రతలో మారనిస్తే వచ్చేది బైనైట్. అమెరికాలో ఎడ్గర్ బెయిన్, డావెన్‌పోర్ట్ 1930లో దీన్ని వర్ణించారు. లోహంలో వంపు, సాగుదల జరగాలంటే స్ఫటికంలోని పొరపాటు గీతలు, అంటే డిస్‌లొకేషన్లు, కదలాలి. వాటిని అడ్డుకుంటే బలం వస్తుంది. పూర్తిగా అడ్డుకుంటే సాగే దారే మూసుకుపోతుంది. ఈ రెంటి పేచీని తప్పించే సాధనం ఒకటి మాత్రం చాలాకాలంగా తెలుసు. 1950ల తొలినాళ్లలో హాల్, పెచ్ విడివిడిగా చూపినట్టు, రేణువు చిన్నదయ్యేకొద్దీ, దాని వ్యాసపు వర్గమూలానికి విలోమంగా బలం పెరుగుతుంది. రేణువు 20 మైక్రాన్ల నుంచి 5 మైక్రాన్లకు దిగితే బలంలో రేణువు వంతు రెట్టింపవుతుంది. పగులును తట్టుకునే గుణం కూడా దానితోపాటే మెరుగవుతుంది. వేడిలో ఎక్కువసేపు ఉంచితే రేణువులు పెరుగుతాయి కనుక, తక్కువసేపు ఉంచడంలో లాభముందని అప్పుడే ఊహించవచ్చు. యు.ఎస్. స్టీల్ పరిశోధకుడు గ్రేంజ్ 1960ల్లో ఉక్కును త్వరత్వరగా పలుమార్లు వేడిచేసి చల్లార్చి అతి సన్నని రేణువులు రాబట్టి చూపాడు కూడా. అయినా పరిశ్రమ ఆ దారిన వెళ్లలేదు. కొలిమిలో నిదానంగా కాల్చి, ముక్క అంతటా వేడీ కార్బనూ సమంగా అందాకే బయటికి తీయాలన్న పద్ధతి స్థిరపడిపోయింది. కార్ల భద్రతా భాగాలకు వాడే బోరాన్ ఉక్కు రేకుల సంగతే చూడండి. వాటిని 900 డిగ్రీలకు పైబడిన పొడవాటి రోలర్ల కొలిమిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, వేడిగానే అచ్చులో నొక్కి చల్లారుస్తారు. బలం 1500 మెగాపాస్కల్ దాకా వస్తుంది. సాగుదల ఐదారు శాతం దగ్గర ఆగిపోతుంది.

2011లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక ప్రయోగం ఈ పద్ధతిని గట్టిగా ప్రశ్నించింది. డెట్రాయిట్‌కు చెందిన గ్యారీ కోలా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, సొంతంగా ప్రయోగాలు చేసుకున్న పారిశ్రామికుడు. ఆయన పరికరంలో ఉక్కు రేకు రోలర్ల మీద సాగుతూ 1100 డిగ్రీల మంటల గుండా వెళ్లి నేరుగా చల్లార్చే ద్రవంలోకి దిగుతుంది. మొదటి నుంచి చివరి దాకా పది సెకన్లు కూడా పట్టదు. ఆ ఫలితాన్ని మొదట నమ్మని, అదే విశ్వవిద్యాలయంలోని సురేష్ బాబు బృందం ప్రయోగశాలలో పరీక్షించి, ప్రచురించింది. అదే తరగతి మార్టెన్‌సైట్ ఉక్కుతో పోలిస్తే బలం 7 శాతం ఎక్కువ, సాగదీయగలిగింది 30 శాతం ఎక్కువ. ఇక్కడ గమనించాల్సింది వాడిన ఉక్కు. అది 8620 రకం, కార్బన్ 0.2 శాతం, క్రోమియం, నికెల్ అర శాతం చొప్పున, మాలిబ్డినం 0.2 శాతం. గేర్ల లాంటి యంత్ర భాగాలకు దశాబ్దాలుగా వాడుతున్నదే. కొత్తగా ఏ లోహమూ కలపలేదు. మారింది గడియారం ఒక్కటే.

పది సెకన్లలో లోపల ఏం జరుగుతుంది? లెక్క వేసి చూస్తే స్పష్టమవుతుంది, లెక్క కష్టమైనది కూడా కాదు. వెయ్యి డిగ్రీల ఆస్టెనైట్‌లో కార్బన్ పరమాణువు ఒక సెకనులో సగటున నాలుగైదు మైక్రాన్లు ప్రయాణిస్తుంది. ఇనుప పరమాణువుల సందుల్లో దూరిపోయేంత చిన్నది కనుక దానికి అంత వేగం. క్రోమియం, మాలిబ్డినం అలా దూరలేవు. ఇనుప పరమాణువు ఖాళీ చేసిన చోటికే జరగాలి. అదే సెకనులో అవి కార్బన్ నడిచిన దూరంలో నూరోవంతు కూడా నడవవు. వేడిచేయక ముందు ఈ ఉక్కులో కార్బన్ ఎక్కువ భాగం క్రోమియం కలిసిన కార్బైడ్ రేణువుల్లో దాగి ఉంటుంది. కార్బైడ్ కరగాలంటే కార్బన్ ఒక్కటే కదిలితే చాలదు, క్రోమియం కూడా చెదిరిపోవాలి. కొలిమిలో పది నిమిషాలుంచితే అదంతా జరిగిపోయి, ఆస్టెనైట్ అంతటా కార్బన్ ఒకే సాంద్రతతో నిలుస్తుంది. రెండు మూడు సెకన్లే ఇస్తే కొన్ని కార్బైడ్లు సగంలోనే ఆగుతాయి. వాటి చుట్టూ కార్బన్ దట్టంగానూ, దూరంలో పలుచగానూ ఉండిపోతుంది. అలా కరగక మిగిలిన కార్బైడ్లు ఆస్టెనైట్ రేణువుల సరిహద్దులను పట్టి ఉంచి, అవి పెరగకుండా ఆపుతాయి కూడా. ఇప్పుడు నీటిలో ముంచితే ముక్క అంతా ఒకేసారి మారదు. కార్బన్ 0.1 శాతం పెరిగితే మార్టెన్‌సైట్ మొదలయ్యే ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీలు దిగుతుంది. కనుక కార్బన్ పలుచనైన చోట్లు ముందుగా, ఎక్కువ వేడిలోనే, బైనైట్‌గానో మెత్తని మార్టెన్‌సైట్‌గానో మారి, ఒక్కో రేణువును ముందే గదులుగా విడగొడతాయి. దట్టమైన చోట్లు ఆ చిన్న గదుల్లోనే, ఆలస్యంగా, గట్టి మార్టెన్‌సైట్ అవుతాయి. బరువు పడినప్పుడు మెత్తనివి ముందు సాగుతాయి, గట్టివి మోస్తాయి. రెంటి మధ్య దూరం మైక్రాన్ల లోపే కనుక ఒకచోట ఒత్తిడి పేరుకుని పగులు మొదలవడం ఆలస్యమవుతుంది. బలమూ సాగుదలా కలిసి రావడానికి నాకు కనిపించే కారణం ఇదే.

కార్బైడ్లను కరగనీయకుండా కాపాడుకోవడం కొత్త ఆలోచన అనుకుంటే మన నేలను మరిచినట్టే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవారు. హెన్రీ వోయిసీ దక్షిణాది ఉక్కు తయారీని చూసి రాసిన వర్ణన 1832లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం వరకు ఉండేది. మూస నిదానంగా చల్లారేది. ఆ ముద్దను కత్తిగా సాగగొట్టేటప్పుడు కమ్మరి తప్పక పాటించిన నియమం, ఎర్రని వేడి దాటనీయకపోవడం. తెల్లగా కాలిస్తే కార్బైడ్లు కరిగిపోతాయి. కత్తి మీద ప్రపంచం మెచ్చిన నీటిచారలు పోతాయి, వాటితోపాటు గుణమూ పోతుంది. చారలు వరుసగా ఏర్పడటానికి వెనేడియం లాంటి మూలకాలు అతి స్వల్పంగా ఉంటే చాలని అమెరికాలో వెర్‌హోవెన్, పెండ్రే ప్రయోగాలు చేసి చూపారు. ఆనాటి కమ్మరి కార్బైడ్లను తక్కువ వేడితో కాపాడాడు. నేటి పద్ధతిలో ఎక్కువ వేడినే వాడి, సమయం తగ్గించి కాపాడుతున్నారు. దారులు వేరు, బలం కొలతలూ వేరు. రెండు ఉక్కులూ ఒకటేనని నేననడం లేదు. ముక్క అంతటా ఒకేలా ఉండటమే మంచి ఉక్కుకు గుర్తు అన్న నమ్మకాన్ని మాత్రం ఇద్దరి పనీ కాదంటోంది.

ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మన ఇళ్ల స్లాబుల్లోనే ఉంది. ఒకప్పుడు ఇంటి పునాదికి, స్తంభాలకు చల్లగా మెలితిప్పిన చువ్వలు వాడేవాళ్లం. టార్ స్టీల్ అని అందరికీ తెలుసు. మెలితిప్పడం వల్ల బలం వచ్చేది, అదే మోతాదులో సాగే గుణం ఖర్చయ్యేది. 1970ల్లో బెల్జియంలోని లియేజ్ పరిశోధనా కేంద్రంలో రూపుదిద్దుకున్న టెంప్‌కోర్ పద్ధతి దాన్ని మార్చింది. విశాఖ ఉక్కు కర్మాగారంతో సహా మన రోలింగ్ మిల్లులు టీఎంటీ పేరుతో చేస్తున్నది ఆ తరహా చువ్వలే. చివరి రోలర్ల నుంచి వెయ్యి డిగ్రీల దగ్గర వేడితో బయటికొచ్చిన చువ్వ బలమైన నీటిధారల పెట్టె గుండా సెకను అటూ ఇటూ సమయంలో దాటిపోతుంది. పైపొర మార్టెన్‌సైట్ అవుతుంది, లోపలి గుండె ఇంకా వేడిగా ఉంటుంది. ఆ గుండె వేడే పైకి పాకి పైపొరను టెంపర్ చేస్తుంది, అంటే దాని పెళుసును తీసేస్తుంది. వేరే కొలిమి అక్కర్లేదు. ఫలితం భారత ప్రమాణం ఐఎస్ 1786లో కనిపిస్తుంది. ఎఫ్‌ఈ 415 చువ్వకు కనీస సాగుదల 14.5 శాతం అడిగితే, అంతకంటే బలమైన ఎఫ్‌ఈ 500డి చువ్వకు 16 శాతం అడుగుతారు. దానిలో అనుమతించే కార్బన్ కూడా తక్కువే, 0.25 శాతం. భూకంపం వచ్చినప్పుడు విరగకుండా సాగి నిలవాల్సిన చువ్వకు ఇది చిన్న లాభం కాదు. ఇక్కడ వేగమున్నది చల్లార్చడంలో, వేడిచేయడంలో కాదన్న తేడాను ఒప్పుకుంటాను. అసమానత కూడా మైక్రాన్లలో కాక మిల్లీమీటర్లలో ఉంది. అయినా ఒక్క సెకను లెక్కతో చవక ఉక్కును మెరుగుపరచవచ్చని దేశమంతా ఇళ్లు కట్టుకుని నిరూపించిన ఉదాహరణ ఇంతకు మించింది లేదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ఇందులో కొత్తేముందని. ఇండక్షన్‌తో క్షణాల్లో వేడిచేసి క్రాంక్‌షాఫ్టులను గట్టిపరచడం 1930ల నుంచీ ఉంది. నిజమే. కానీ అక్కడ కావలసింది అరుగుదలను తట్టుకునే పైపొర మాత్రమే. లోపల కార్బైడ్లు కరగకపోతే దాన్ని లోపంగా రాసుకునేవారు. ఇక్కడ రేకు మందం అంతటా నిర్మాణం మారుతుంది, ఆ లోపాన్నే లక్ష్యంగా పెట్టుకుంటారు. రెండోది దీనికంటే లోతైనది: ఈ పది సెకన్ల ఉక్కుకు ఫ్లాష్ బైనైట్ అని పేరు పెట్టారు గానీ, దొరికింది నిజంగా బైనైటేనా? ఇంత సన్నని నిర్మాణంలో బైనైట్‌ను, తనంతట తాను టెంపరైన మార్టెన్‌సైట్‌ను సూక్ష్మదర్శినిలో వేరుచేయడం అనుభవజ్ఞులకూ కష్టమే. ఆ సందేహం న్యాయమైనదని నా అభిప్రాయం. వాణిజ్య నామాన్ని శాస్త్రీయ నిర్ధారణగా తీసుకోనక్కరలేదు. బైనైట్ పాలు ఎంతన్నది తేలకపోయినా, కార్బన్ అసమానంగా నిలవడం, రేణువులు సన్నబడటం అన్న రెండు విషయాలు మాత్రం తేలినవే. బెల్జియంలోని ఘెంట్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు సెకనుకు వందల డిగ్రీల వేగంతో ఉక్కును వేడిచేసి చేసిన పనిలోనూ అవి కనిపించాయి. ఒక వ్యాపారి మాట మీదనే ఆధారపడాల్సిన స్థితి ఇప్పుడు లేదు.

మూడో అభ్యంతరం నాకు అన్నింటికంటే ఇష్టమైనది, ఎందుకంటే అది నా వాదనను సరిగ్గా తలకిందులు చేస్తుంది. కేంబ్రిడ్జ్‌లో హర్షద్ భదేషియా, ఫ్రాన్సిస్కా కబలెరో చేసిన అతి సన్నని బైనైట్ ఉక్కు కార్బన్, సిలికాన్ ఎక్కువగా కలిపి, 200 డిగ్రీల దగ్గర పది రోజుల దాకా ఉంచితే తయారవుతుంది. దాని బలం 2500 మెగాపాస్కల్‌కు చేరుతుంది. పది సెకన్ల గొప్ప చెబుతుంటే, పది రోజుల ఉక్కు దాన్ని దాటిపోయిందే! నా జవాబు ఇది. వేగం దానంతటది సుగుణమని నేను అనలేదు, కాలం గుణాన్ని తేలుస్తుందని అన్నాను. ఆ పది రోజుల ఉక్కు ఆ మాటకు బలమైన సాక్షి. తక్కువ వేడిలో బైనైట్ పలకలు నానోమీటర్ల మందానే ఆగిపోవాలంటే అంత ఓపిక కావాలి. కార్బైడ్లు సగం కరిగి ఆగాలంటే అంత తొందర కావాలి. రెండు చోట్లా కాలాన్ని ఎంచి నిర్ణయించారు. కొలిమి పొడవునుబట్టో, మిల్లు అలవాటునుబట్టో వచ్చిన నిమిషాలను అలాగే ఒప్పుకోవడాన్నే నేను తప్పుపడుతున్నాను. పైగా 0.8 నుంచి ఒక శాతం దాకా కార్బన్ ఉన్న ఆ ఉక్కును వెల్డింగ్ చేయడం చాలా కష్టం. 0.2 శాతం ఉక్కుకు ఆ ఇబ్బంది తక్కువ. అయితే వెల్డింగ్ వేడి తగిలిన చోట ఈ బలం కొంత పోతుందన్నది దాచాల్సిన విషయం కాదు. వేడితో బలం తెచ్చుకున్న ఏ ఉక్కుకైనా ఆ నష్టం ఉంది.

ఈ పద్ధతి ఎంత మందం ఉక్కుకు పనికొస్తుందన్న మాటకు వస్తే హద్దు గట్టిదే, దాన్ని ఏ నైపుణ్యమూ దాటించలేదు. వేడి లోపలికి చేరే సమయం మందపు వర్గాన్ని అనుసరిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు మధ్యభాగానికి పైవేడి చేరడానికి సెకనులో పదోవంతు చాలు. 25 మిల్లీమీటర్ల పలకకు పాతిక సెకన్ల దాకా పడుతుంది. ఆలోగా పైపొరలో కార్బైడ్లన్నీ కరిగిపోతాయి. కనుక కార్ల రేకులకు, సన్నని గొట్టాలకు ఈ పద్ధతి సరిపోతుంది. వంతెన దూలాలకు, ఓడ పలకలకు సరిపోదు. అంతకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ముందున్న నిర్మాణం సమస్య. నిదానంగా కాల్చినప్పుడు పాత చరిత్ర చాలావరకు చెరిగిపోతుంది. అదే ఆ పద్ధతి ఇచ్చే భద్రత. క్షణాల్లో కాల్చినప్పుడు అది చెరగదు. కార్బైడ్లు గుండ్రని ముత్యాల్లా ఉన్న రేకుకు, పెర్లైట్ అనే పలుచని పొరల్లో ఉన్న రేకుకు ఒకే వేడి వేరువేరు ఫలితాలిస్తుంది. రోలింగ్‌లో మాంగనీస్ చారలు ఏర్పడి ఉంటే అవీ మిగులుతాయి. అంటే కాల్చేవాడి బాధ్యత తగ్గి, రేకు చుట్టిచ్చిన మిల్లు బాధ్యత పెరుగుతుంది. సగం కరగడమన్నది సన్నని హద్దు. 50 డిగ్రీలు అటు ఇటైనా, ఒక సెకను అటు ఇటైనా గుణం మారుతుంది. దీన్ని పద్ధతి లోపమని కొట్టేయలేం గానీ, కొలతా నియంత్రణా లేనిచోట దీన్ని పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

సాగుదల అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎనిమిది శాతమనీ, పది శాతమనీ చెప్పే అంకెకు వెనుక పరీక్ష ముక్క పొడవు చెప్పకపోతే అర్థం సగమే. ముక్క తెగేముందు ఒకచోట మెడలా సన్నబడుతుంది. కొలిచే పొడవు తగ్గేకొద్దీ ఆ మెడ వంతు పెరిగి, శాతం ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే మన ప్రమాణాలు కొలిచే పొడవును ముక్క వైశాల్యపు వర్గమూలానికి 5.65 రెట్లుగా ముడిపెట్టాయి. మెడ ఏర్పడక ముందు ముక్క అంతటా వచ్చే సాగుదల, వంపు పరీక్ష, రంధ్రాన్ని వెడల్పు చేసే పరీక్ష కలిపి ఇవ్వనిదే ఏ రేకునూ ఎక్కువ సాగుతుందని ఒప్పుకోకూడదు. మెత్తని మామూలు ఉక్కు నలభై శాతం దాకా సాగుతుంది. ఇది దాని పక్కన నిలవదు. దీని పోలిక 1500 మెగాపాస్కల్ తరగతితోనే. వెయ్యి మెగాపాస్కల్ దాటిన ఉక్కులన్నిటినీ వేధించే హైడ్రోజన్ పగుళ్ల ప్రశ్న దీనికీ ఉంది.

శక్తి ఆదా గురించి కొందరు చెప్పే మాటలు నేను ఒప్పుకోను. టన్ను ఉక్కును వెయ్యి డిగ్రీలకు తేవడానికి కావలసిన కనీస వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. పది సెకన్లలో ఇచ్చినా పది నిమిషాల్లో ఇచ్చినా అది తగ్గదు. తగ్గేవి కొలిమి గోడల నుంచి, పొగగొట్టం నుంచి పోయే నష్టాలు, రేకు మీద పట్టే పొలుసు. అసలు లాభం వేరేచోట ఉంది. బలం కోసం నికెల్, మాలిబ్డినం పెంచుకుంటూ పోవడం మన దేశానికి బరువైన మార్గం, ఎందుకంటే ఆ రెండూ దాదాపు పూర్తిగా దిగుమతులే. పైగా ఒకసారి ఉక్కులో కలిసిన నికెల్, మాలిబ్డినం, రాగి తిరిగి కరిగించినప్పుడు స్లాగ్‌లోకి పోవు. తుక్కు నుంచి తుక్కుకు పేరుకుంటాయి. సమయంతో వచ్చే బలానికి ఆ శేషం లేదు. ఆ ముక్క మళ్లీ కరిగితే మళ్లీ మామూలు ఉక్కే. తుక్కు ఇనుము మీద నడిచే మిల్లులు పెరుగుతున్న కాలంలో ఈ ఒక్క కారణమే ఈ పరిశోధనకు ఖర్చు పెట్టడానికి చాలునని నేననుకుంటాను.

హైదరాబాద్‌లో రక్షణ లోహ పరిశోధనాలయం ఉంది, విశాఖలో నీటిధార పెట్టెలను ఏళ్లుగా నడిపిన అనుభవం ఉంది. కనుక నా వాదనను పరీక్షించే ప్రయోగాన్ని ఇక్కడే సూచిస్తాను. ఒకే కూర్పు గల రేకును మూడు రకాల నిర్మాణాలతో తీసుకోండి: గుండ్రని కార్బైడ్లది ఒకటి, పెర్లైట్‌ది ఒకటి, ముందే గట్టిపరచి టెంపర్ చేసినది ఒకటి. ఒక్కోదాన్నీ సెకనుకు 10, 100, 500 డిగ్రీల వేగాలతో ఒకే శిఖర ఉష్ణోగ్రతకు చేర్చి, వెంటనే కొన్నింటినీ, సెకను ఆగి కొన్నింటినీ, పది సెకన్లు ఆగి కొన్నింటినీ నీటిలో దించండి. కొలిచే పొడవు ప్రమాణం ప్రకారమే ఉండాలి. హైడ్రోజన్ ఎక్కించిన ముక్కల ఫలితాలనూ, విఫలమైన ముక్కలనూ వదలకుండా అచ్చువేయాలి. రేణువుల పరిమాణం సమానంగా ఉన్న రెండు ముక్కల్లో, కార్బన్ అసమానంగా నిలిచిన ముక్క సమంగా పరుచుకున్న ముక్క కంటే బలంలోనూ సాగుదలలోనూ కలిపి మెరుగ్గా రాకపోతే, లాభమంతా రేణువులు సన్నబడటం వల్లనే వచ్చిందనీ, అసమానత గురించి నేను చెప్పిన భాగం తప్పనీ తేలుతుంది.